కత్తెర పట్టకముందే దర్జీ దగ్గరికి వెళ్ళండి

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్ళు, హనుమకొండలో ఉంటాను. స్టార్ వార్స్ సినిమాల్లో తెల్ల కవచం వేసుకుని కనిపించే సైనికుడు స్టార్మ్‌ట్రూపర్ వేషం అంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఈసారి అభిమానులు ఇలా వేషాలు వేసుకుని వచ్చే హైదరాబాద్ కామిక్ కాన్‌కి ఆ వేషంలోనే వెళ్ళాలని, అమెరికాలో ఉన్న అన్నయ్య చేత కిట్ తెప్పించుకున్నాను. పెట్టె తెరిస్తే ముప్పై దాకా తెల్ల ప్లాస్టిక్ డిప్పలు ఉన్నాయి కానీ, ఏది ఎక్కడిదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఛాతీ ముక్క మీద పెట్టుకుంటే నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేలా ఉంది. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. నాలుగు నెలల టైమ్ ఉంది. కొయ్యాలంటే భయం, కొయ్యకపోతే పని జరగదు. చిన్న సైజు కిట్ మళ్ళీ కొనాలా? ఉన్నదానితోనే అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మ మాత్రం "మన వీధి చివరి టైలర్‌కి చూపించరాదూ" అంటోంది. ఆవిడకి ఇదేమిటో అర్థం కాలేదనుకుంటా.

సమాధానం: మీ అమ్మగారికి బాగానే అర్థమైంది. మీకు ముందు కావాల్సింది టైలరే.

ఆ డిప్పలన్నీ చూసి మీరు దీన్ని బొమ్మ బిగించే పనిలా చూస్తున్నారు. ముక్కలు ఉన్నాయి, వాటిని వరసగా అతికిస్తే కవచం వస్తుంది అనుకుంటున్నారు. అలా అతికిస్తే వచ్చేది గాజు అద్దాల బీరువాలో నిలబెట్టే కవచం. మీకు కావాల్సింది ఒంటి మీద వేసుకుని నాలుగు గంటలు నడవగలిగే కవచం. అంటే ఇది బట్ట. గుడ్డకి బదులు ప్లాస్టిక్ ఉంది, అంతే. బట్ట కుట్టేవాళ్ళు గుడ్డను చూసి మొదలుపెట్టరు, మనిషిని చూసి మొదలుపెడతారు.

ఈ మాటకి ఒక పాత సంగతి తోడు తెచ్చుకుంటాను. ఈ స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్ శిల్పమా, వాడుక వస్తువా అనే వివాదం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1976లో లండన్‌కి చెందిన ట్వికెన్‌హామ్‌లో ఈ ప్లాస్టిక్ కవచాలను అచ్చుల మీద తయారుచేసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్‌కీ, ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ సంస్థకీ మధ్య కేసు అది. 2011లో కోర్టు అది శిల్పం కాదని తేల్చింది, సినిమా తీయడంలో ఒక పనికోసం చేసిన వస్తువని చెప్పింది. కాపీరైట్ గొడవల సంగతి ఎలా ఉన్నా, మీ పెట్టెలో ఉన్నది కూడా వేసుకుని పని చేయడానికి పుట్టిన వస్తువే. కాబట్టి అందం గురించి బెంగ తర్వాత పెట్టుకుందాం. అసలు సినిమా కవచాలే కుడి ఎడమలు సమానంగా ఉండవు, హెల్మెట్ అయితే ఒక పక్కకి వాలినట్టే ఉంటుంది. మీ చేతిలో రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చిందని నిద్ర మానుకోవద్దు.

రెండో కిట్ కొనవద్దు. ఇలాంటి కిట్లు ఎక్కువగా ఆరు అడుగులకి దగ్గరగా ఉండే సన్నటి మనిషికి సరిపోయేలా వస్తాయి. మీ ఎత్తుకి కొయ్యాల్సింది ఎక్కువ ఉంటుంది నిజమే, కానీ అది మంచిదే. పెద్దదాన్ని చిన్నది చేయడం సులువు. చిన్నదాన్ని పెద్దది చేయాలంటే ముక్క అతికి, సందు పూడ్చి, రంగు కలిపి నానా యాతనా పడాలి. మీకంటే ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళకే ఈ కిట్లతో ఇబ్బంది ఎక్కువ.

ఇక మొదలు. పెట్టె మూసి మంచం కింద పెట్టండి. ముందు రెండు వస్తువులు కొనండి: కవచం లోపల వేసుకునే నల్ల బట్టలు, తెల్ల బూట్లు. లోపలి బట్ట ఒంటికి అతుక్కుని సాగేది కావాలి. డాన్స్ డ్రెస్సులు అమ్మే షాపుల్లో, స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతుంది. మెడ దాకా, మణికట్టు దాకా, చీలమండ దాకా రావాలి. బూట్లు చీలమండ పైకి వచ్చేవి, లేసులు లేనివి, పక్కన సాగే పట్టీ ఉన్నవి. తెల్లవి దొరకకపోతే చెప్పులు కుట్టేవాళ్ళ చేత చేయించుకోవచ్చు. లోపల మడమ కింద ఒక అంగుళం మందం అట్ట వేయించుకోండి. బయటికి కనపడదు, మీ ఎత్తుకి ఆ అంగుళం చాలా మేలు చేస్తుంది.

బూట్లు ముందెందుకంటే, పిక్క డిప్ప కింది అంచు బూటు మీద వచ్చి ఆగుతుంది. మోకాలి నుంచి బూటు పైభాగం దాకా ఎంత దూరమో తెలియకుండా పిక్క డిప్పను కోస్తే, తర్వాత కొన్న బూట్లు దానికి కుదరవు. చాలామంది బూట్లు చివర్లో కొంటారు. అప్పటికి పిక్కలు అతికేసి ఉంటాయి.

బట్టలు, బూట్లు వచ్చాక వాటిని వేసుకుని టైలర్ దగ్గరికి వెళ్ళండి. టైలరమ్మ అయితే మీకు ఇంకా సుఖం. మీ కొలతలు మీరే తీసుకోవద్దు. వంగి తొడ కొలుచుకుంటే తొడ ఆకారమే మారిపోతుంది. ఛాతీ, నడుము, పిరుదులు, జబ్బ, ముంజేయి, తొడ, పిక్క, వీటి చుట్టుకొలతలు ఏ టైలర్ అయినా తీస్తారు. మీరు అడిగి తీయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. భుజం నుంచి నడుము దాకా, భుజం నుంచి కాళ్ళ మధ్య దాకా, కాళ్ళ మధ్య నుంచి మోకాలి చిప్ప పైదాకా, మోకాలి కింద నుంచి బూటు పైదాకా. అన్నీ సెంటీమీటర్లలో రాయించుకోండి, అంగుళాలూ సెంటీమీటర్లూ కలిపితే తర్వాత తికమక.

ఇంకో సంగతి. తొడ, పిక్క, జబ్బ, ముంజేయి ఒక్కొక్కదాన్నీ రెండుసార్లు కొలిపించండి. ఒకసారి నిలబడి, ఇంకోసారి మడిచి. తొడకైతే స్టూలు మీద కూర్చుని, జబ్బకైతే మోచేయి మడిచి బిగించి. రెండో కొలతే మీకు పనికొచ్చేది.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. నా మొదటి కవచానికి తొడలు నిలబడి మాత్రమే కొలిచాను. అద్దం ముందు నిలబడితే ఎంత చక్కగా కుదిరిందో! కార్యక్రమం రోజు హాల్లోకి వెళ్ళడానికి మెట్లు ఎక్కాల్సి వచ్చింది. మూడో మెట్టు మీద కాలు ఎత్తేసరికి తొడ డిప్ప వెనక అంచు చర్మాన్ని పట్టుకుని పిండేసింది. ఆ రోజు ఐదు గంటలు కూర్చోకుండా గడిపాను. ఇంటికొచ్చి విప్పితే మోకాళ్ళ వెనక రెండు వైపులా తోలు లేచిపోయి ఉంది. వారం రోజులు మందు రాసుకున్నాను. కొలతలో రెండు సెంటీమీటర్ల తేడా అంత పని చేసింది.

మూడో కొలత ఒకటుంది. దీన్ని చాలామంది మరిచిపోతారు కానీ మీకు చెప్పగానే అర్థమవుతుంది. గాజులు కొనేటప్పుడు మణికట్టు కొలత చెప్పం కదా. చెయ్యి ముడిస్తే ఎంత ఉంటుందో అది చూస్తాం, ఎందుకంటే గాజు అక్కడి నుంచి దూరి వెళ్ళాలి. ముంజేతి డిప్ప కూడా గాజే, కాస్త పొడుగు గాజు. రెండు సగాలూ అతికాక అది మూసిన గొట్టం అయిపోతుంది, మీ చెయ్యి అందులోంచి దూరాలి. మణికట్టు దగ్గర అందంగా బిగుతుగా ఉండాలని అక్కడ కోసుకుంటూ పోతే చెయ్యి పట్టదు. కాబట్టి బొటనవేలు లోపలికి ముడిచి, పిడికిలి చుట్టూ కొలిపించండి. ముంజేతి గొట్టం చిన్న మూతి అంతకంటే తక్కువ ఉండకూడదు. తొడకీ అంతే, పాదం దాని కింది మూతిలోంచి దూరాలి. మడమ నుంచి పాదం పైవంపు దాకా చుట్టుకొలత తీయించండి. వేసుకునేటప్పుడు తొడలు ముందు, బూట్లు తర్వాత. బూటుతో తొడ డిప్పలో కాలు పట్టదు. పిక్కలకి ఈ బాధ లేదు, అవి వెనక వైపు వెల్క్రోతో తెరుచుకుంటాయి.

ఇప్పుడు పెట్టె తియ్యండి. గదిలో దుప్పటి పరిచి, డిప్పలన్నిటినీ మనిషి పడుకున్న ఆకారంలో పేర్చండి. తల, ఛాతీ, వీపు, పొట్ట, నడుం వెనక, పిరుదు, భుజాలు రెండు, జబ్బలకి నాలుగు సగాలు, ముంజేతులకి నాలుగు, తొడలకి నాలుగు, పిక్కలకి నాలుగు. తొడా పిక్కా తేడా తెలియకపోతే గుర్తు చెబుతాను: తొడ డిప్పకి కింది అంచున చుట్టూ గట్టులాంటి ఉబ్బు ఉంటుంది. ఎడమ మోకాలి మీద వేరే ఒక పలక వస్తుంది, అది ఎడమ పిక్కది. ఏది ఏదో తేలగానే మాస్కింగ్ టేప్ ముక్క అంటించి పేరు రాయండి. ప్లాస్టిక్ మీద నేరుగా రాయాల్సి వస్తే పెన్సిలే వాడండి. స్కెచ్ పెన్ గీత పోవడానికి నెయిల్ పాలిష్ రిమూవర్ రాశారంటే అందులోని అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, మెరుపు పోయి మచ్చ పడుతుంది.

ఆ తర్వాత, ఏమీ కోయకుండా, మొత్తం కవచాన్ని మాస్కింగ్ టేప్‌తో మీ ఒంటి మీద కట్టించుకోండి. టైలర్లు జాకెట్టుకి కచ్చా కుట్టు వేసి ట్రయల్ చూస్తారే, అదే ఇది. ఒక్కరే చేసుకునే పని కాదు, ఇంట్లో ఒకరు సాయం ఉండాలి. సగాలను ఒకదాని మీదికి ఒకటి జరిపి ఒంటికి సరిపడా బిగించి టేప్ వెయ్యమనండి. ముందు నుంచి, వెనక నుంచి, పక్కల నుంచి ఫొటోలు తీయించుకోండి. అద్దంలో కనపడని తప్పులు ఫొటోలో కనిపిస్తాయి.

కట్టేటప్పుడు మొండెంతో మొదలుపెట్టండి. నడుము ఎక్కడ ఆగుతుందో తేలితే తొడ పై అంచు ఎక్కడ ఉండాలో తేలుతుంది, తొడ తేలితే మోకాలి సందు తేలుతుంది, దాంతో పిక్క తేలుతుంది. నాటకాల్లో మేకప్ గదిలో చూసే ఉంటారు, భీముడి వేషానికి ముందు ఒంటికి బిగించేది కవచమే, భుజకీర్తులూ మిగతా సొగసులూ దాని మీద నిలుస్తాయి.

మీ ఎత్తు వాళ్ళకి మొండెం దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ఛాతీ, పొట్ట కలిపితే మీ మొండెం కంటే పొడుగవుతాయి. పొట్ట డిప్ప కిందికి దిగి, నడిస్తే తొడలకి కొట్టుకుంటుంది. ఇది చూసి పొట్ట డిప్ప కింది భాగాన్ని కోసేద్దామనిపిస్తుంది. అస్సలు వద్దు. పొట్ట డిప్పను పైకి జరిపి, దాని పై అంచును ఛాతీ డిప్ప లోపలికి దూర్చండి. ఛాతీ పొట్ట మీదికి వచ్చేలాగే దీని తయారీ ఉంది, ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పోయినా ఎవరికీ కనపడదు. భుజాల దగ్గర పట్టీలు బిగిస్తే ఛాతీ కూడా కాస్త పైకి లేస్తుంది. ఒక్క కోత లేకుండా చాలావరకు సర్దుకుంటుంది. పక్కల్లో పొట్ట డిప్పా, నడుం వెనక డిప్పా ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే అది వేరే సంగతి. అక్కడ మిగులు ఎంత ఉందో పెన్సిల్‌తో గీసుకోండి, వెనక డిప్ప అంచుల్లో కొయ్యొచ్చు. పిరుదుల దగ్గర సందు వచ్చినా కంగారు పడకండి, కోసిన ముక్కలు ఉంటాయి, వాటితోనే పూడ్చుకోవచ్చు. అందుకే చిన్న ముక్క కూడా పారేయకండి.

ఛాతీ డిప్ప ఇద్దరు పట్టేలా ఉందని రాశారు. దాన్ని మీరు చిన్నది చేయలేరు, చేయాల్సిన అవసరమూ లేదు. లోపల భుజాల దగ్గర, పక్కల్లో మందపాటి ఫోమ్ ముక్కలు అంటిస్తే కదలకుండా కూర్చుంటుంది. భుజం డిప్పలు దగ్గరగా కట్టుకుంటే ఆ వెడల్పు కనపడదు. హెల్మెట్ కూడా అంతే, మీకు పెద్దగా కనిపిస్తుంది. లోపల ఫోమ్‌తో సర్దుకుని, గడ్డం మెడ వైపుకి దిగేలా పెట్టుకోండి. హెల్మెట్ చివరి పని, ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

కాళ్ళ దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కోతలు పడేవి అక్కడే, తప్పులు జరిగేవీ అక్కడే. తొడను పొట్టి చేయాలంటే పై అంచు కొయ్యండి. కింద గట్టులా ఉన్న ఉబ్బు పోతే తొడ రూపమే పోతుంది. పిక్కను పొట్టి చేయాలంటే కింది అంచు కొయ్యండి, ఎందుకంటే పైన మోకాలి ఆకారం ఉంటుంది. తొడ పై అంచును కోసేటప్పుడు చుట్టూ ఒకే ఎత్తులో కోయకండి. బయటి వైపు ఎత్తుగా, లోపలి వైపు తక్కువగా ఏటవాలుగా రావాలి, మన కాలు ఉన్నదే అలాగ. ముందు అర సెంటీమీటరు, కట్టి చూసి మళ్ళీ అర సెంటీమీటరు. ఈ పనికి ఒక ఆదివారం మొత్తం పోయినా నష్టం లేదు.

చుట్టుకొలత లెక్క ఇలా చెయ్యండి. కూర్చుని కొలిస్తే మీ తొడ 58 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. గాలి ఆడటానికి, కదలడానికి ఇంకో రెండు కలపండి, 60. తొడకి రెండు సగాలు ఉంటాయి, వాటి అతుకు ఒకటి ముందు, ఒకటి వెనక వస్తుంది. ముందు అతుకు మీద 20 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ నిలువుగా వస్తుంది. చేతులకైతే అది 15. కాబట్టి ముందు వైపు అంచు దగ్గర ఒక్కొక్క సగానికీ 10 మిల్లీమీటర్ల చదును ఉంచి మిగిలింది కోసేయండి. అది స్థిరమైన కోత, మీ సైజుతో సంబంధం లేదు. సైజు సర్దుబాటంతా వెనక వైపే. ముందు వైపు టేప్ వేసి కాలికి చుట్టి, లోపలి నుంచి కొలిస్తే 64 వచ్చిందనుకోండి. నాలుగు ఎక్కువ. వెనక ఒక్కో సగం నుంచి రెండు సెంటీమీటర్లు పోవాలి. మొదటిసారి ఒక్కో సెంటీమీటరే తీసి, కట్టుకుని, స్టూలు మీద కూర్చుని లేచి చూడండి. ఆ మిగిలిన సెంటీమీటరు తీయాలో వద్దో మీ కాలే చెబుతుంది.

మంచి టైలర్ జాకెట్టు లోపల కుట్లలో ఇంత గుడ్డ వదిలిపెడతాడు, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవడానికి. మీకూ ఆ వీలుంది, వాడుకోండి. వెనక అతుకు దగ్గర సగాలు సరిగ్గా ఆనించి కోసుకోకుండా, పట్టీ కింద నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉంచుకోండి. పైన పట్టీ కప్పేస్తుంది. నాలుగు నెలల్లో పండగలూ ఉన్నాయి.

ఇప్పుడు కత్తెర. ప్లాస్టిక్ మందం సుమారు రెండు మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ కూడా ఉండొచ్చు. వంపు ఉన్నచోట వంకర మూతి కత్తెర, తిన్నని చోట కట్టర్. కట్టర్‌తో ఒక్కసారే లోతుగా కోయకండి, జారితే చేతికి తగులుతుంది. స్టీలు స్కేలు ఆనించి, తేలికగా రెండు మూడు సార్లు గీత లాగి, గీత దగ్గర వంచితే పటుక్కున విరుగుతుంది. తర్వాత సాండ్ పేపర్ తడిపి రుద్దితే అంచు నున్నబడుతుంది, దుమ్ము కూడా లేవదు. మొదటి కోత కవచం మీద కాదు, అచ్చు అంచుల్లో మిగిలిపోయిన వృథా ప్లాస్టిక్ మీద వెయ్యండి. దాన్ని పది ముక్కలుగా విరిచేసరికి మీ చేతికి భయం పోతుంది.

కట్టి చూడటం మొండెంతో మొదలుపెట్టమన్నాను కానీ, కోసి అతికే పని మాత్రం చేతులతో మొదలుపెట్టండి. జబ్బలు, ముంజేతులు చిన్నవి, గుండ్రనివి, కొంచెం తప్పు జరిగినా కళ్ళు అక్కడికి పోవు. నాలుగు గొట్టాలు అతికేసరికి అతుకు పని మీకు పట్టుబడుతుంది. ఆ తర్వాత పిక్కలు, తర్వాత తొడలు. మొండెం ఆఖరున. అప్పటికి మీ చెయ్యి తిరిగి ఉంటుంది.

జిగురు విషయంలో నాది గట్టి అభిప్రాయం. వెంటనే పట్టేసే జిగురు వద్దు. అది పెళుసు, నడకలో ప్లాస్టిక్ వంగితే పగులుతుంది, ఒకసారి తప్పు చోట అంటితే ఇక అంతే. ఈ6000 లాంటి నెమ్మదిగా గట్టిపడే, రబ్బరులా సాగే జిగురు తెప్పించుకోండి. రోజు పడుతుంది పట్టడానికి, పూర్తిగా గట్టిపడటానికి ఇంకో రెండు రోజులు. అంతసేపూ క్లిప్పులు, చిన్న అయస్కాంతాలు పెట్టి ఉంచాలి. విసుగు వస్తుంది నిజమే. కానీ తప్పు జరిగితే మెల్లగా లాగి ఊడదీసి మళ్ళీ అతుక్కోవచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకి ఇంతకంటే పెద్ద వరం లేదు. దాని వాసన ఒంటికి మంచిది కాదు, కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి, పిల్లలకీ పెద్దవాళ్ళకీ దూరంగా పని చేయండి.

ఏదైనా గొట్టం గుండ్రంగా రాకుండా విచ్చుకుంటూ ఉంటే బలవంతంగా అతకకండి. ఆ బిగువుకి అతుకు ఎప్పటికైనా ఊడుతుంది. బాగా కాగి పొయ్యి మీద నుంచి దించిన నీళ్ళలో ఆ ముక్కను కొద్ది సెకన్లు ముంచి, మందపాటి చేతి తొడుగులతో కావాల్సిన వంపుకి పట్టుకుని, చన్నీళ్ళలో పెట్టండి. ఆ వంపులోనే నిలిచిపోతుంది. ఇది కూడా ముందు వృథా ముక్క మీద చేసి చూసుకోండి.

అంచుల గురించి ఒక్కటి. అచ్చులోంచి వచ్చిన డిప్పలకి అంచు లోపలికి మడిచి ఉంటుంది. బయటి నుంచి చూస్తే అది మందంగా, బలంగా కనిపిస్తుంది, అందుకే కొందరు దాన్ని ముట్టుకోరు. మోకాలి వెనక, మోచేయి లోపల, మణికట్టు దగ్గర ఆ మడత పూర్తిగా తీసేయండి. చర్మాన్ని కొరికేది అదే. నా మోకాళ్ళకి జరిగింది సగం కొలత తప్పు వల్లయితే మిగతా సగం ఆ మడత వల్లే.

ఒకవేళ ఈ వేషంతో మీకు ముందుముందు స్టార్ వార్స్ వేషధారుల సంఘం 501వ లీజియన్‌లో చేరే ఆలోచన ఉంటే, పట్టీల వెడల్పులూ, డిప్పల మధ్య సందులూ ఎలా ఉండాలో వాళ్ళ నియమాలు కోతకి ముందే చదువుకోండి. 1997లో అమెరికాలో ఆల్బిన్ జాన్సన్ మొదలుపెట్టిన సంఘం అది. పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళని తీసుకుంటుంది, కవచాన్ని ఫొటోల్లో వివరంగా పరిశీలించి ఒప్పుకుంటుంది. అతికేశాక మార్చుకోవడం కంటే ముందే తెలిసి ఉండటం మేలు. ఆ ఆలోచన లేకపోతే ఈ పేరా వదిలేయండి, మీ ఇష్టమే చట్టం.

నాలుగు నెలలు సరిపోతాయి. బట్టలు, బూట్లు, కొలతలు, టేప్ ట్రయల్ మొదటి నెలలో అయిపోవాలి. చివరి నెలలో కొత్తగా కోసే పని ఏదీ మిగలకూడదు. ఆ నెల పూర్తి కవచంతో ఇంట్లో నడవండి. మెట్లు ఎక్కి దిగండి, చేతులు తల మీదికి ఎత్తండి, కింద పడిన రూపాయి తీయండి, తీయలేకపోతే ఎందుకో చూడండి. మొదటి రోజు పావుగంట, తర్వాత అరగంట, తర్వాత గంట. ఎక్కడ ఎర్రగా కందిందో అక్కడ గీసుకోండి, అక్కడ రుద్దాలి లేదా ఫోమ్ అంటించాలి.

ఆ రోజు ఒక్కరే వెళ్ళవద్దు. హెల్మెట్‌లోంచి కింద ఏముందో కనపడదు, కాళ్ళ దగ్గరికి చిన్నపిల్లలు పరుగెత్తుకొస్తారు. పక్కన ఒకరు ఉండి దారి చూపాలి, స్ట్రాతో నీళ్ళు తాగించాలి, బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నడుం విప్పడానికి సాయపడాలి. హాల్లో ఏసీ ఉన్నా ఆ ప్లాస్టిక్ లోపల చెమట ఆగదు. గంటకోసారి హెల్మెట్ తీసి కూర్చోండి. బొమ్మ తుపాకీ తీసుకెళ్ళేట్టయితే నిర్వాహకుల నియమాలు ముందే చూసుకోండి, బస్సులో రైల్లో దాన్ని సంచిలోంచి బయటికి తీయకండి. కవచాన్ని మాత్రం ఎండలో ఆపిన కారులో వదలొద్దు. మూసిన కారు వేడికి అతుకులు మెత్తబడతాయి, పల్చటి ముక్కలు వంకరపోతాయి. ఇంట్లో కూడా బాల్కనీలో పెట్టకండి, ఎండ తగిలితే తెలుపు పసుపుగా మారుతుంది.

ఇక టైలర్‌తో మీ పని మొదటి రోజుతో అయిపోలేదు. డిప్పల్ని ఒకదానికొకటి పట్టి ఉంచేది జిగురు కాదు, లోపలి పట్టీలు. భుజాల మీద, పక్కల్లో, నడుము నుంచి తొడలకి, అన్నిచోట్లా సాగే ఎలాస్టిక్ పట్టీలూ టిచ్ బటన్లూ రావాలి. జిగురుతో అంటించిన ఎలాస్టిక్ రెండోసారికే ఊడిపోతుంది, కుట్టినది ఊడదు. తొడల బరువు మోసే పట్టీలు రెండు పొరలుగా కుట్టించండి. టైలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పొట్ట, నడుం డిప్పలూ, రెండు తొడలూ సంచిలో వేసుకుని వెళ్ళండి. పట్టీ ఎంత పొడుగో ఫోన్లో చెబితే తేలదు, అక్కడే కట్టుకుని, ఒకసారి కూర్చుని లేచి, అప్పుడు గుర్తు పెట్టించుకోండి. వీలైతే అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్ళండి, వెనక వైపు పట్టీలు బిగించేది రేపు ఆవిడే అయి ఉండొచ్చు.